జలాశయపు లోతు: శబ్దముతో కొలత



ఏటికి ఇరువది రెండంగుళముల వానకంటె హెచ్చు నోచుకొనని అనంతపురపు సీమలో, అందును విడపనకల్లు నల్లరేగడి నేలలలో నివసించు మనకు పడవలతో పనియేమి యని మీలో కొందఱు నవ్వవచ్చును. నిజమే. మన యూరి చెఱువున పడవ తేలిన దినములు వ్రేళ్లపై లెక్కింపదగినవి. ఐనను తుంగభద్ర యెగువ కాలువనీటికై ఆషాఢము మొదలు ఎదురుచూచు మనకు, ఎక్కడనో హోస్పేట చెంత జలాశయముపై తిరుగు కొలతపడవతో సంబంధము గలదు. ఆ పడవకు బిగించిన యొక చిన్న పరికరమును గూర్చియే నేటి నా ప్రసంగము.

తుంగభద్ర జలాశయము 1953లో నీరు నిలుపనారంభించినపుడు దాని ధారణశక్తి 132.47 టీ.ఎం.సీ. లని లెక్క. టీ.ఎం.సీ. యనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు. ఏటేట వరదతో వచ్చిన యొండ్రుమట్టి యడుగున పేరుకొనగా, 2008 నాటి కొలతలో అది 100.855కు దిగినది. మరల 2016 నాటి కొలతలో 105.788 అని తేలినది. ఈ నడుమ జలాశయమునుండి అంత మట్టిని తీసి పోసినవారెవ్వరును లేరు. మట్టి తనంతట తాను లేచిపోలేదు. కావున ఈ యైదు టీ.ఎం.సీ.ల భేదము నేలలో లేదు, కొలిచిన తీరులోనే యున్నదని గ్రహింపవలెను.

ఈ భేదము మనకేల? బచావత్ న్యాయాధికరణపు నిర్ణయమున యెగువ కాలువద్వారా మన రాష్ట్రమునకు 32.5 టీ.ఎం.సీ. లు కేటాయింపబడినవి. కాని జలాశయమున పట్టునీరు తగ్గినకొలది ప్రతివారి వాటాయు అదే నిష్పత్తిలో కోసిపోవును. ఆ కోతకు మూలము ఆ లోతుల పట్టికయే. ఇప్పుడొక చిన్న గుణకారము చేయుదము. నిండినప్పుడు ఆ జలాశయపు నీటివైశాల్యము 378 చదరపు కిలోమీటర్లని నిర్మాణకాలపు లెక్క. అంత మేర లోతు కొలుచుటలో ఒక్క అడుగు పొరపాటు పడినచో, నాలుగు టీ.ఎం.సీ. లు తప్పును. అది మన కేటాయింపులో ఎనిమిదవ వంతు!

ఇక కొలుచు విధము. పూర్వము పుట్టివాడు వెదురుగడ గ్రుచ్చియో, త్రాటికి సీసపుగుండు కట్టి విడిచియో లోతు చూచెడివాడు. గట్టినేలపై ఈ పద్ధతికి వంక లేదు. బురదలోనైనచో గుండు దిగబడిపోవును. నీరెక్కడ ముగిసెనో, మట్టి యెక్కడ మొదలాయెనో తెలియదు. మన ఉరవకొండ యెదుట నిలిచి కేకవేసినచో, కొండ ఆ కేకను మరలించును. కొండ దూరమైనకొలది మాఱుమ్రోత ఆలస్యముగా వచ్చును. నీటిలోను ఇంతే. 1826లో జెనీవా సరస్సున కొలడాన్, స్టర్మ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు నీటియడుగున గంట మ్రోగించి, శబ్దము సెకనునకు 1,435 మీటర్లు పోవునని కనుగొనిరి. గాలిలోని వేగమునకు ఇది నాలుగింతలు. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని చూపిరి. విద్యుత్తు పంపినచో ఆ స్ఫటికమే కంపించి శబ్దము చేయును. 1912లో టైటానిక్ నౌక మునిగిన పిమ్మట, 1913లో జర్మనీలో బేమ్ అను నతడు ప్రతిధ్వనిచే లోతు కొలుచు విధానమునకు హక్కుపత్రము పొందెను. 1914-18 నాటి యుద్ధకాలమున ఫ్రాన్సులో లాంజెవిన్ స్ఫటికమును నీటిలో పలికించెను. నేటి కొలతపడవకు బిగించు ట్రాన్స్‌డ్యూసరు దాని సంతతియే. అదియే కేకవేయును, అదియే ఆలకించును. ఏబది అడుగుల లోతునుండి మాఱుమ్రోత తిరిగివచ్చుటకు సెకనులో ఏబదవ వంతు చాలును.

దీనిని బిగించుటలో జాగ్రత్తలు పెక్కు గలవు. మొదటిది స్థానము. గాలిబుడగ శబ్దమునకు అడ్డుగోడ వంటిది. పడవను త్రోయు చక్రము చెంతను, అడుగుచెక్కల అతుకుల వెనుకను బుడగలు సుడులు తిరుగును. కావున కొలతపడవలలో సాధారణముగా పడవ నడుమభాగమున ఒక ప్రక్కగా, గట్టి లోహపు గడకు దీనిని బిగించి నీటిలోనికి దించుదురు. చిన్న పడవలలో వెనుక పలకకు బిగించుటయు కలదు. అట్లైనచో చక్రమునకు దూరముగా, పరికరపు ముఖము పడవ యడుగుకంటె కొంచెము దిగువగా నుండవలెను. మిక్కిలి పైకున్నచో బుడగలు కప్పును. మిక్కిలి క్రిందికున్నచో నీరు చిమ్మి, గడ వణకును.

రెండవది నిలువు. తాపీవాడు గోడకు తూకపుగుండు పట్టినట్లు, పడవలో మనుష్యులు తమతమ చోట్ల కూర్చున్న పిదప గడ నిలువుగా నున్నదో లేదో చూడవలెను. పది డిగ్రీలు వాలినచో, ఏబది అడుగుల సమతలపు లోతు తొమ్మిదంగుళములు హెచ్చుగా కనబడును. వాలునేలమీద తప్పు ఇంకను పెరుగును.

మూడవది మునుక. యంత్రము లెక్కించునది తన ముఖమునుండి నేలవఱకు గల దూరమును మాత్రమే. నీటి పైమట్టమునుండి ఆ ముఖమువఱకు గల లోతును మనము కలుపవలెను. ఈ మాట నాకు పుస్తకము నేర్పలేదు, ఒక పుట్టివాడు నేర్పెను. చాలకాలము క్రిందట మన సీమలోని యొక జలాశయమున కొలతపడవపై లెక్కలు వ్రాయు పని నాకు దొరకెను. ఒడ్డుచెంత రాతినేలపై పోవుచుండగా, ప్రక్కన పుట్టిలోనున్న ముదుసలి బెస్త తన గడను దించి చూచి ఇట్లనెను: "సామీ, మీ పెట్టె తొమ్మిదడుగులంటాది, నా గడ పదడుగులంటాది. యాడో తప్పుండాది." మాలో కొందఱు నవ్విరి. నేను నవ్వలేకపోయితిని. ఏలన, ఆ ప్రాతఃకాలమున మునుక ఒక అడుగని కొలిచి చెప్పగా, యంత్రమున చేర్పవలసినవాడను నేనే. చేర్చుట మఱచితిని. రెండుదినముల పని మరల చేసితిమి. నాలుగు టీ.ఎం.సీ.ల లెక్క నాకు తోచినది ఆ రాత్రియే. మునుకను మనుష్యులును, ఇంధనమును పడవలోనికి చేరిన తరువాతనే కొలువవలెననియు నాడే నేర్చితిని. బరువెక్కినకొలది పడవ అంగుళములు దిగునుగదా.

నాలుగవది వేగము. నీరు వెచ్చనైనకొలది శబ్దము వడిగా పోవును. ఇరువది డిగ్రీల మంచినీట సెకనునకు 1,482 మీటర్లు. ముప్పది డిగ్రీల నీట 1,509. ఒకదాని బదులు వేఱొకదానిని యంత్రమున నిలిపినచో ఏబది అడుగుల లోతున సుమారు పదునొకండంగుళములు తప్పును. ఇది సరిచూచుటకు సులువైన యుపాయము కలదు. అంగుళములు గుర్తువేసిన గొలుసులకు ఇనుపపలకను కట్టి, పరికరము క్రిందకు ఆఱడుగులు, పండ్రెండడుగులు, పదునెనిమిదడుగులు ఇట్లు దించవలెను. గొలుసు చెప్పినదే యంత్రమును చెప్పవలెను. చెప్పనిచో సరిదిద్దవలెను. ఈ పరీక్షను పని మొదలిడుటకు ముందును, ముగిసిన పిమ్మటను చేయుట పద్ధతి.

పూడికను తెలిసికొనుటకు రెండు స్వరములు వాడుదురు. సెకనునకు రెండులక్షల కంపనముల సన్ననిస్వరము మెత్తనిబురద పైపొరనుండియే మరలును. ముప్పదివేల కంపనముల లావుస్వరము ఆ బురదలోనికి చొచ్చి, గట్టిపొరను తాకి వచ్చును. రెంటి నడుమ భేదము మెత్తనిమట్టి మందమును సూచించును. ఇన్ని చేసినను, ఆ గడియలో ఆనకట్ట చెంత నీటిమట్టమెంతయో వ్రాయనిచో సర్వమును వ్యర్థము. మట్టమునుండి లోతును తీసివేయగానే గదా నేలయెత్తు తేలుట!

మన యూరిచెఱువులకు ఈ యంత్రము అక్కఱలేదు. వేసవిలో అవి యెండియుండును. అప్పుడు మట్టపు యంత్రముతో నేలనే కొలిచి, తూము చెంత రాతిపై గుర్తు చెక్కించుట మేలు, చవుక. కాని పెద్ద జలాశయపు లెక్కలు మన సభలలో చదువబడినపుడు మీరు మౌనముగా నుండవలదు. మునుక చేర్చితిరా? పలకతో సరిచూచితిరా? నీటివేడిమి వ్రాసితిరా? ఆనాటి మట్టమెంత? ఈ నాలుగు ప్రశ్నలడుగుటకు ఇంజనీరు కానక్కఱలేదు. ఆ పుట్టివానికి అక్షరము రాదు. ఐనను అతడడిగిన యొక్క ప్రశ్నచే ఒక జలాశయపు లెక్క సరియైనది.