గడ్డ అంటే కాన్సరేనా?



వచ్చే సోమవారం నాకు ఆపరేషన్. అండాశయంలో గడ్డ ఉందని స్కానింగులో తేలింది. కాన్సరేమోనని భయం లేదంటే అబద్ధమే. డాక్టరమ్మనే అడిగాను. ఇలాంటి గడ్డల్లో ఎక్కువ భాగం కాన్సర్ కావట. సీఏ-125 రక్తపరీక్షలో అంకె పెరిగినా అదొక్కటే రుజువు కాదు. గర్భసంచిలో కంతులున్నా పెరుగుతుంది. తీసిన గడ్డను ల్యాబులో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

పొట్ట ఉబ్బరం వారాల తరబడి తగ్గకపోయినా, రెండు ముద్దలకే కడుపు నిండినట్టున్నా గ్యాసేలే అని ఊరుకోకండి. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే వెంటనే చూపించుకోండి. సిగ్గుపడకుండా సంఘంలో చెప్పండి. నేను చెప్పాను, ఆసుపత్రిలో నా పక్కన ఉండటానికి ముగ్గురు వంతులేసుకున్నారు. భయం పోలేదు గానీ, ఒంటరిగా మాత్రం లేను.

సెలవు.