పిల్లల సాయంకాలము – పంచాయతీ బాధ్యత

(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మంచినీరు, మురుగుకాలువలు, వీధిదీపములు, బాటలు – పంచాయతీ సమావేశములలో సాధారణముగా చర్చకు వచ్చు విషయములివి. నేడు మేము మీ ముందుంచదలచినది ఎజెండాలో అరుదుగా కానవచ్చు విషయము. అది మన పిల్లల సాయంకాలము. బడి విడిచినది మొదలు నిద్రించువరకు గల నాలుగైదు గంటల కాలమును వారెట్లు గడుపుచున్నారు? టెలివిజన్ ముందు ఎంతసేపు, ఆరుబయట ఎంతసేపు, తల్లిదండ్రులతో కలసి ఎంతసేపు? ఇది ఎవరి ఇంటి వ్యవహారము వారిది, పంచాయతీకి ఇందు పని యేమని కొందరు తలపవచ్చును. పని గలదనియే మా మనవి.

టెలివిజన్ పల్లెకు వచ్చిన తీరు

మన దేశమున టెలివిజన్ ప్రసారము 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆరంభమైనది. దూరపు పల్లెలకు అది పెద్దయెత్తున చేరినది 1975లో. ఆ సంవత్సరము ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు అందినవి. నాటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఊరికొక పెట్టె, అదియు పదిమంది కూడు చోట. ఉదయము గంటన్నర బడిపిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు. ప్రసారమునకు ఒక వేళ, ఒక ముగింపు ఉండెను. చూచుట యనునది నలుగురు కలసి చేయు పనిగా నుండెను.

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వచ్చినది. 1982లో రంగుల ప్రసారము వచ్చినది. క్రమముగా పెట్టె ఊరి నడుమ నుండి ఇంటిలోనికి, ఇంటి నడుమ నుండి అరచేతిలోని సెల్‌ఫోనులోనికి చేరినది. ఇపుడు ఒకే ఇంట తాత యొకటి, తల్లి యొకటి, పిల్లవాడొకటి చూచుచున్నారు. ముగింపు వేళ యనునది లేకుండపోయినది.

2020లో కోవిడ్ వలన బడులు మూతపడినపుడు, సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారముల పిల్లలకు పాఠములు చెప్పబడినవి. టెలివిజన్ చూడవద్దన్న పెద్దలే దాని ముందు కూర్చుండుమని పిల్లలకు చెప్పవలసివచ్చినది. అది నాటి అవసరము. దానివలన మేలు కలిగినది. 2021లో బడులు మరల తెరచిరి. అలవాటు మాత్రము ఎన్నో ఇండ్లలో నిలిచిపోయినది.

తల్లిని నిందించి ఫలము లేదు

ఈ విషయము వచ్చినపుడెల్ల తల్లులను తప్పుపట్టుట వాడుకయైనది. అది న్యాయము కాదు. మన జిల్లాలో ఎందరో తల్లులు చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టి సంసారము నడుపుచున్నారు. లెక్క ప్రకారము కట్టలు అప్పగించవలసిన తల్లికి, టెలివిజన్ ముందు కుదురుగా కూర్చున్న బిడ్డ ఒక ఊరట. ఎందరో తండ్రులు గల్ఫ్ దేశములలో కష్టించుచున్నారు. వారి పిల్లలు తండ్రి ముఖమును చూచుట సెల్‌ఫోనులోనే. అట్టి ఇండ్లలో ఫోనును శత్రువని చెప్పజాలము.

కావున పెట్టెను మూసివేయుడని బోధించినంత మాత్రమున చాలదు. మూసివేసిన పిమ్మట పిల్లవాడు ఎచటికి పోవలెను, ఎవరితో ఆడవలెను అను ప్రశ్నకు సమాధానము కావలెను. ఆ సమాధానము ఒక్క ఇంటివలన కాదు. ఊరి వలన అగును. పంచాయతీ పని ఇచటనే మొదలగుచున్నది.

వైద్యులు చెప్పుచున్నదేమి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన సూచనల ప్రకారము, సంవత్సరములోపు శిశువులకు తెర చూపనేరాదు. రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలకు దినమునకు ఒక గంట మించరాదు, అంతకు తగ్గినకొలది మేలు. మన దేశపు శిశువైద్యుల సంఘము రెండేండ్లలోపు పిల్లలకు తెర వలదనియు, ఐదు మొదలు పదేండ్ల పిల్లలకు రెండు గంటల లోపుననే ఉండవలెననియు సలహా ఇచ్చుచున్నది. ఐదు నుండి పదునేడేండ్లవారు సగటున దినమునకు 60 నిమిషములైనను ఒడలు అలయునట్లు ఆడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థయే 2020లో తెలిపినది.

ఆరుబయటి వెలుతురు కంటికిని మేలు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున కొన్ని బడులలో ఒకటవ తరగతి పిల్లలను ప్రతి బడిదినము అదనముగా 40 నిమిషములు ఆరుబయటకు పంపిరి. మూడేండ్ల పిమ్మట పరీక్షింపగా, అట్లు పంపని బడులలో నూటికి 39.5 మందికి దూరపుచూపు మందగింపగా, పంపిన బడులలో 30.4 మందికి మాత్రమే మందగించినది. ఈ ఫలితములు 2015లో ప్రకటింపబడినవి. తైవాన్ దేశమువారు 2010 నుండియే బడిపిల్లలు దినమునకు రెండు గంటలు ఆరుబయట గడపవలెనని కార్యక్రమము నడుపుచున్నారు. దీనికి మందు లేదు, ఖర్చు లేదు. పగటి వెలుతురు చాలును.

ఒక ఊరు చేసిన పని

మన పొరుగున మహారాష్ట్రలో, సాంగ్లీ జిల్లాయందు మోహిత్యాంచే వడ్గావ్ అను గ్రామము గలదు. జనాభా సుమారు 3,000. కోవిడ్ కాలమున పిల్లలకు అలవడిన ఫోను, బడులు తెరచిన పిమ్మటను విడువకుండుటచే ఊరివారు కలత చెందిరి. మొదట మహిళలు సమావేశమై, తామును సీరియళ్లు అధికముగా చూచుచున్నట్లు ఒప్పుకొనిరి. 2022 ఆగస్టులో ఊరంతయు కూడి తీర్మానించినది. ప్రతి సాయంకాలము ఏడు గంటలకు గుడిపై సైరను మ్రోగును. ఎనిమిదిన్నర వరకు టెలివిజనులు, ఫోనులు కట్టివేసి పిల్లలు చదువుకొందురు. తొలిదినములలో పెద్దలు వీధులు తిరిగి జ్ఞాపకము చేయవలసివచ్చినది. తరువాత అలవాటైనది.

ఇందు మనము గ్రహింపవలసినది సైరను కాదు. పిల్లలకు పెట్టిన నియమమును పెద్దలును పాటించిరి. ఆ పని ఊరంతయు ఒకే వేళకు చేసినది. పొరుగింట సీరియలు మ్రోగుచుండగా ఒక్క ఇంటి పిల్లవాడు మాత్రము ఎట్లు ఊరకుండగలడు?

చోటు, వేళ, తోడు

మీ గ్రామములలో చేయదగినవి మూడు.

మొదటిది చోటు. 2022లో తెలంగాణ క్రీడాప్రాంగణములు గ్రామముల కేర్పడినవి. మీ ఊరి ప్రాంగణమునకు ఈ వారమే పోయి చూడుడు. ముళ్లకంప పెరిగియున్నచో కొట్టించుడు. బాటలో మూతలేని బావి యున్నచో కప్పించుడు. వీధికుక్కల భయమున్నచో తగిన చర్య గైకొనుడు. ప్రాంగణము ఊరికి దూరమైనచో బడి ఆవరణను సాయంకాలము తెరచియుంచుటకు ప్రధానోపాధ్యాయునితో మాటలాడుడు. తండాలలోని పిల్లలను మరువవలదు. ఆడపిల్లలు ఆడుటకు వెనుదీయుచున్నచో కారణము విచారింపుడు. సభ్యులలో సగము స్థానములు మహిళలవే గనుక ఈ విచారణ వారి ద్వారా సులభమగును. చెరువులు, కుంటలకడకు పిల్లలు ఒంటరిగా పోరాదు. 2025 ఆగస్టులో మన జిల్లాలో కురిసిన కుండపోత వానలు నీటి బలమెంతటిదో అందరికి చూపినవి.

రెండవది వేళ. గ్రామసభలో చర్చించి ఒక గంట నిర్ణయింపుడు. చలికాలమున ప్రొద్దు త్వరగా గ్రుంకును గనుక ఐదు గంటలకు, ఎండకాలమున ఆరు గంటలకు అని మార్చుకొనవచ్చును. ఆ వేళను పంచాయతీ మైకు ద్వారా చాటింపుడు. జరిమానాలు వలదు. బలవంతముతో పెట్టిన నియమము నెల దాటదు. తాము తీర్మానించినది నిలుచును.

మూడవది తోడు. చిర్రగోనె, బొంగరము, గోలీలు, తొక్కుడుబిళ్ల, దాగుడుమూతలు – ఈ ఆటలెరిగిన తాతలు, అవ్వలు ప్రతి వాడలోను గలరు. వారు అరుగు దిగి ఒక గంట పిల్లలతో గడిపినచో ఆట అబ్బును, పిల్లలకు కాపును దొరకును. యువజన సంఘములవారు కబడ్డీ, ఖోఖో నేర్పవచ్చును. మహిళా సంఘములవారు వంతులవారీగా చిన్నపిల్లలను కనిపెట్టియున్నచో బీడీలు చుట్టు తల్లికి నిశ్చింత కలుగును. ఈ తోడు లేక కట్టివేసిన పెట్టె మరుసటి దినమే మరల వెలుగును.

కుటుంబముతో కలసి

నిత్యము ఒక గంట ఊరిలో గడచినచో, నెలకొక దినము కుటుంబమంతయు కలసి వెలుపలికి పోవుట మంచిది. ఇందుకు మన ప్రాంతమునకు మించినది లేదు. మంజీరపై 1923 – 1931 నడుమ కట్టిన నిజాంసాగర్ ఎల్లారెడ్డివారికి సమీపమున గలదు. పోచారము చెరువు, దాని చెంత జింకలు తిరుగాడు అభయారణ్యము గలవు. కామారెడ్డివారికి దోమకొండ కోట దగ్గర. ఆ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారము లభించినది. 2023 డిసెంబరు నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు, బాలికలకు ఛార్జీ లేదు.

అంతదూరము పోవుటకు వీలుకానిచో, పొలము చాలును. తూము తెరచిన నీరు మడికెట్లు చేరునో బిడ్డకు చూపుటయు విహారమే. బతుకమ్మ దినములలో తంగేడు, గునుగు పూలకై పిల్లలతో గట్టులవెంట తిరుగుటయు విహారమే. పూలను అంగడిలో కొన్న దినమున ఆ నడక పోవును, ఆ మాటలును పోవును.

సభ్యులారా! టెలివిజన్ వలదని మేము చెప్పుట లేదు. వాతావరణ సూచన, పంట సలహా, పాఠము, పాట – అన్నియు దానినుండి అందుచున్నవి. అది ఇంటిలో ఒక వస్తువుగా నుండవలెను గాని ఇంటికి యజమాని కారాదు. రాబోవు గ్రామసభ ఎజెండాలో "పిల్లల సాయంకాలము" అని ఒక అంశము చేర్చుడు. మూడు నెలల పిమ్మట మైదానమునకు ఎందరు పిల్లలు వచ్చుచున్నారో, అందు ఆడపిల్లలెందరో లెక్కించి, ఉపాధ్యాయులను, తల్లులను అడిగి మరల చర్చింపుడు. తీర్మానము వ్రాసిన దినమున మొదటి పెట్టె కట్టివేయవలసినది పంచాయతీ సభ్యుల ఇండ్లలోనే. మీరు మైదానమున కనబడినచో ఊరు మీవెంట వచ్చును.