సముద్రపు బురదలో ఆంటిమొనీ: ఎంత ఉందో సరే, ఏ రూపంలో ఉంది?

ఈరోజు ఆంటిమొనీ గురించి మాట్లాడుకుందాం. పేరు కొత్తగా అనిపించినా వస్తువు పాతదే. పూర్వం సుర్మాకి వాడిన నల్లరాయి దీని సల్ఫైడే. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవాటిలో చాలాసార్లు సీసం ఉంటుంది, అది వేరే కథ. ఈ రోజుల్లో ఆంటిమొనీని బ్రేక్ ప్యాడ్లలో వాడతారు, ప్లాస్టిక్‌కి మంట త్వరగా అంటుకోకుండా కలుపుతారు. రోడ్డు మీద అరిగిన బ్రేకుల పొడి వాననీటితో కాలవల్లో పడి, కొంత సముద్రం అడుగు బురదలోకి చేరుతుంది.

ఆ బురదని ల్యాబ్‌కి ఇస్తే కిలోకి ఇన్ని మిల్లీగ్రాములు అని రిపోర్టు ఇస్తారు. నాకు ఆ ఒక్క అంకె చాలదండి. ఆంటిమొనీకి ముఖ్యంగా రెండు రూపాలు, ఆంటిమొనీ-3, ఆంటిమొనీ-5. మామూలుగా 3 ఎక్కువ విషం. కాలా అజార్ జబ్బుకి మొదట్లో ఇచ్చిన టార్టార్ ఎమెటిక్‌లో ఉన్నది 3, చాలామంది రోగులు దాన్ని తట్టుకోలేకపోయేవారు. కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి గారు 5తో యూరియా స్టిబమైన్ తయారుచేసి, 1922లో ఫలితాలు ప్రకటించారు. మూలకం అదే, జబ్బూ అదే, రూపం మారింది, ఎన్నో ప్రాణాలు నిలిచాయి.

మరి బురదలో ఏది ఎంతో ఎలా తెలుస్తుంది? చిక్కంతా ఇక్కడే. ఆక్సిజన్ ఉన్న సముద్రపు నీటిలో ఎక్కువగా 5 ఉంటుంది. కుళ్ళిన గుడ్ల వాసనొచ్చే నల్ల బురదలో ఆక్సిజన్ ఉండదు, అక్కడ 3 నిలబడుతుంది. ఆ బురదని పైకి తీసి గాలి తగలనిస్తే 3 కాస్తా 5 అవడం మొదలవుతుంది. తీరిగ్గా ఆరబెట్టి, జల్లించి కొలిచామనుకోండి, మనం చూసేది మన బల్ల మీద తయారైన లెక్క! అందుకే తీసిన వెంటనే నైట్రోజన్ నింపిన సంచిలో పెట్టి గడ్డకట్టిస్తారు.

తర్వాత సిట్రిక్ ఆమ్లంతో కడుగుతారు. అది 3ని పట్టుకుని మారకుండా కాపాడుతుంది, కానీ ఇనుము ఆక్సైడ్లకి అంటుకున్నదంతా ఊడి రాదు. గాఢమైన ఆమ్లాలతో మరిగిస్తే దాదాపు అంతా వస్తుంది, రూపం మాత్రం పోతుంది. ఆ ద్రావణాన్ని తేలికపాటి ఆమ్లంలో ఉంచి సోడియం బోరోహైడ్రైడ్ కలిపితే, 3 మాత్రమే స్టిబైన్ వాయువుగా పైకి వస్తుంది, దాన్ని కొలుస్తారు. ఇంకో భాగంలో పొటాషియం అయొడైడ్‌తో 5ని కూడా 3గా మార్చి మొత్తం కొలుస్తారు. తేడాయే 5.

ఎవరైనా రిపోర్టు చూపిస్తే నేనడిగేది ఒకటే. బురదలో తెలిసినంత 3ని కలిపి చూశారా, అది తిరిగి 3గానే వచ్చిందా? హార్బర్‌లో పూడిక తీసి ఆ మట్టిని ఎక్కడో పోసే ముందు, ఆ జవాబు ఉన్న రిపోర్టునే నేను లెక్కలోకి తీసుకుంటాను.

బురదని పొర చెదరకుండా గొట్టంతో ఎలా తీస్తారో వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. ప్రశ్నలుంటే కింద రాయండి.