సుందరవనాలలో ఒక పగలు
(ప్రసంగ పాఠం)



డెల్టా అనే మాట వినగానే తెలుగువారి కన్నుల ముందు వరిచేలు, కొబ్బరితోటలు, కాలువగట్టు వెంట సాగే బాట మెదులుతాయి. ధవళేశ్వరం వద్ద 1847లో ఆరంభమై 1852లో పూర్తి అయిన ఆనకట్ట గోదావరి మంచినీటిని కాలువలలోనికి మళ్ళించినందువల్లనే ఆ పచ్చదనం స్థిరపడింది. అయితే డెల్టాలన్నీ ఒకే విధంగా ఉండవు. గంగా, బ్రహ్మపుత్ర, మేఘనా నదులు కలసి నిర్మించిన డెల్టా ప్రపంచంలోకెల్లా విశాలమైనది. దాని దక్షిణపు అంచున, సముద్రాన్ని ఒరసుకొని ఉన్న మడ అడవులే సుందరవనాలు. వాటి వైశాల్యం సుమారు పదివేల చదరపు కిలోమీటర్లు. అందులో ఆరువేల వరకు బంగ్లాదేశ్‌లో ఉండగా తక్కినది పశ్చిమ బెంగాలులో ఉన్నది. దేశాల సరిహద్దు ఒక నది మధ్యగా పోతుంది. పోటునీటికి గాని, పులికి గాని ఆ గీతతో నిమిత్తం లేదు.

కోనసీమకు చెందిన ఒక పెద్దమనిషి, ఆయన మనుమరాలు ఒక డిసెంబరు మాసంలో ఆ అడవులను ఒక్క పగటిలో చూచి వచ్చిన వృత్తాంతం ఈనాటి ప్రసంగ విషయం. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. మనుమరాలు కళాశాల విద్యార్థిని. యాత్రికుల గుంపులతో పెద్ద లాంచీలో పోవడం ఆయనకు రుచించలేదు. అందుచేత ఇద్దరికీ సరిపడే చిన్న మరపడవను, దానితోపాటు అటవీశాఖ అనుమతి గల ఒక మార్గదర్శిని మాట్లాడుకున్నారు. అధికారికంగా అనుమతి పొందిన మార్గదర్శి లేనిదే ఆ అడవిలోనికి యాత్రికుల పడవను పోనివ్వరు. ఆ మరపడవలను అక్కడివారు వాటి శబ్దాన్ని బట్టి ‘భట్‌భటి’ అంటారు. పేరులోనే ఇంజను చప్పుడు వినిపిస్తుంది.

కలకత్తా నుండి తెల్లవారుజామున బయలుదేరితే రోడ్డు దాదాపు నూరు కిలోమీటర్లు సాగి గద్‌ఖాలి రేవు వద్ద ఆగిపోతుంది. ఆపైన పడవలే దిక్కు. దారిలో కానింగ్ అనే పట్టణం తగులుతుంది. దాని కథ ఇంజనీరుగారు ముందుగానే చదివి ఉన్నారు. హుగ్లీ నది పూడిపోగలదనే భయంతో ఆంగ్ల ప్రభుత్వం మాత్లా నది ఒడ్డున మరొక రేవు పట్టణాన్ని తలపెట్టింది. ఆ స్థలం తుపానుల దారిలో ఉన్నదని హెన్రీ పిడింగ్టన్ అనే వాతావరణ పరిశోధకుడు 1853లోనే హెచ్చరించాడు. ‘సైక్లోన్’ అనే మాటను సృష్టించినవాడే అతడు. ప్రభుత్వం ఆ హెచ్చరికను పట్టించుకోలేదు. రేవు వెలసింది, 1862లో రైలు మార్గం వచ్చింది. 1867లో తుపాను వచ్చి ఆ ఆశలన్నిటినీ ఊడ్చివేసింది. 1839లో కోరంగిని ఉప్పెన ముంచిన సంగతి, 1977లో దివిసీమ చవిచూచిన ఘోరం ఎరిగిన తెలుగువారికి ఈ కథను విడమరచి చెప్పనక్కరలేదు.

రేవు చేరేసరికి ఆటు. నీరు బాగా తగ్గి, ఒడ్డున బురద మెరుస్తూ కనిపించింది. మార్గదర్శి నలుబది ఏండ్ల లోపు మనిషి. పెద్దాయనను ‘దాదు’ అని, అమ్మాయిని ‘దీదీ’ అని పిలిచాడు. అతనిని ‘దాదా’ అని పిలవాలని తెలిసి అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. బెంగాలీలో ఆ మాటకు అన్నగారని అర్థం, మన ఊళ్ళలో వేరు అర్థం. వారి సంభాషణ హిందీలో సాగింది. అమ్మాయిది ప్రచార సభ పరీక్షలకు చదివిన హిందీ, అతనిది స్త్రీపుంలింగ భేదం పాటించని బెంగాలీ హిందీ. పెద్దాయనకు హిందీ అంతంత మాత్రమే. అయినా అతడు నీటిని ‘జొల్’ అన్నప్పుడు, లంకను ‘ద్వీప్’ అన్నప్పుడు ఆయనకు అనువాదం అవసరం కాలేదు.

పడవ గోసాబా పక్కగా సాగింది. 1903 ప్రాంతంలో స్కాట్లండు దేశస్థుడైన డేనియల్ హామిల్టన్ ఇక్కడ ప్రభుత్వం నుండి భూమి తీసుకొని, అడవి కొట్టించి, గట్లు పోయించి, వడ్డీ వ్యాపారుల బెడద లేని సహకార గ్రామాలను నెలకొల్ప ప్రయత్నించాడు. 1936లో తన ఎస్టేటులో చెల్లేటట్లు సొంతంగా రూపాయి నోట్లు కూడ వేయించాడు. 1932 డిసెంబరులో రవీంద్రనాథ ఠాకూరు వచ్చి ఇక్కడ బసచేశాడు. ఆ బంగళా ఇప్పటికీ ఉన్నది. అమ్మాయి దాని ఫోటో తీసుకున్నది. తాతగారి దృష్టి మాత్రం ఒడ్డున ఉన్న మట్టిగట్టు మీదనే ఉన్నది.

సజ్‌నేఖాలి వద్ద అనుమతి పత్రాలు చూపవలసి ఉంటుంది. అక్కడ బన్‌బీబీ గుడి ఒకటి ఉన్నది. బన్‌బీబీ అంటే వనదేవత. తేనె పట్టేవారు, చేపలు పీతలు పట్టేవారు, హిందువులైనా ముసల్మానులైనా, అడవిలో అడుగుపెట్టే ముందు ఆమెకు మ్రొక్కుతారు. ఆమె గాథలో ఆమె తండ్రి మక్కా నుండి వచ్చిన ఫకీరు. ఆమెకు ప్రత్యర్థి పులిరూపం దాల్చే దక్షిణరాయుడు. చివరకు ఇద్దరికీ సంధి కుదురుతుంది. అవసరానికి మించి ఆశించక, శుద్ధమైన మనస్సుతో వచ్చినవారికి అడవి హాని చేయదని ఆ సంధి సారాంశం. మగవారు అడవికి పోయిన రోజులలో ఇంటి ఇల్లాండ్రు తలకు నూనె రాయకుండ, సింధూరం పెట్టకుండ ఉండే ఆచారం ఈ ఊళ్ళలో ఉన్నదని మార్గదర్శి చెప్పాడు. భర్త తిరిగి వచ్చేదాకా వితంతువు వలెనే ఉండడమన్నమాట.

అక్కడి నుండి ఇరుకైన పాయలలోనికి మలుపు తిరిగారు. అప్పటికి పోటు మొదలైనది. బురదలోనుండి పైకి పొడుచుకొని ఉన్న శ్వాసవేళ్ళు ఒకటొకటిగా మునుగుతున్నవి. బురద మీద కాళ్ళున్నట్లు ప్రాకే చేపలు, ఒక కొండి మాత్రమే పెద్దదిగా ఉన్న ఎర్రని పీతలు కనిపించాయి. ఒకచోట మొసలి ఎండ కాగుతూ ఉండి, పడవ చప్పుడుకు మెల్లగా నీటిలోనికి జారింది. పెద్దాయన చెట్లను గుర్తుపట్టనారంభించారు. అక్కడ ‘బాయిన్’ అని పిలిచేది కోరంగి మడచెట్టుకు దగ్గరి చుట్టమే. ‘గేంవా’ మన తిల్లచెట్టు. దాని పాలు కంట పడరాదని ఇక్కడివారికీ తెలుసు, అక్కడివారికీ తెలుసు. ఈ అడవికి పేరు తెచ్చిన సుందరి చెట్టు మాత్రం ఈ భాగంలో అరుదు. దానికి కొంతైనా మంచినీరు కావాలి. కొన్ని శతాబ్దాల క్రిందట గంగ ప్రధాన ప్రవాహం తూర్పుగా పద్మానది వైపు మళ్ళిపోయింది. మాత్లా, విద్యాధరి వంటి పశ్చిమపు పాయలకు ఎగువ నీటితో సంబంధం తెగిపోయింది. అవి పేరుకు నదులే గాని, వాటిలో రోజుకు రెండుసార్లు వచ్చి పోయేది సముద్రం. 1975లో పనిచేయనారంభించిన ఫరక్కా బ్యారేజి నీరు హుగ్లీకి చేరుతుంది గాని ఈ పాయలకు చేరదు. సుందరి చెట్లు సమృద్ధిగా చూడదలచినవారు బంగ్లాదేశ్ వైపు పోవలసిందే.

“అంటే ఇవన్నీ ఉప్పుటేరులేనమ్మా” అన్నారు పెద్దాయన.

మధ్యాహ్నానికి సుధన్యఖాలి చేరుకున్నారు. అక్కడి గోపురం క్రింద అటవీశాఖ త్రవ్వించిన మంచినీటి చెరువు ఉన్నది. జంతువులు దప్పిక తీర్చుకొనేందుకు అక్కడికి వస్తాయి. పులుల సంరక్షణ పథకం క్రింద 1973లో చేర్చిన తొలి అడవులలో ఈ ప్రాంతం ఒకటి. 1984లో జాతీయోద్యానమైంది, 1987లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. 2022 గణన ప్రకారం మన వైపున ఉన్న పులులు సుమారు నూరు. చుక్కల దుప్పుల గుంపు వచ్చింది. ఒక అడవిపంది వచ్చింది. పులి రాలేదు. అమ్మాయి కదలనన్నది.

అప్పుడు మార్గదర్శి ఒక మాట చెప్పాడు. పోటు నిండింది, ఇక ఆటు మొదలవుతుంది. ఇక్కడ ఇంకొక గంట ఉండవచ్చు. లేదా, దాదు ఉదయం నుండి అడుగుతున్న గట్టును చూపడానికి తన ఊరికి పోవచ్చు. రెండూ కుదరవు. ఆలస్యమైతే ఊరి రేవు వద్ద నీరు ఉండదు, పడవ బురదలో కూరుకొంటుంది. చీకటి పడేలోగా యాత్రికుల పడవలు గద్‌ఖాలి చేరవలసినదే.

“మీరు పులిని ఎన్నిసార్లు చూశారు, దాదా?” అని అమ్మాయి అడిగింది.

“పదిహేనేండ్లలో తొమ్మిదిసార్లు, దీదీ. అన్నీ పడవ మీదనుండే” అని అతడు లెక్క చెప్పాడు. కొంచెం ఆగి, “మా నాన్న ఒక్కసారే చూశాడు” అన్నాడు.

తండ్రి పీతల కోసం పోయిన పాయ, ప్రవేశం నిషేధించిన భాగంలో ఉన్నదట. అనుమతి పత్రం లేనందువల్ల కుటుంబానికి పరిహారం అడిగే అవకాశం లేకపోయింది. అటువంటి ఇండ్లు ఆ లంకలలో అనేకం. తండ్రిని పొట్టన పెట్టుకున్న మృగమే కొడుకుకు బ్రతుకుతెరువు అయింది. ఈ సంగతి చెప్పినప్పుడు అతని గొంతులో ద్వేషం లేదు. పులి లేకపోతే అడవిని ఎవరూ మిగల్చరని, అడవి లేకపోతే తుపాను నేరుగా ఊళ్ళ మీదికే వస్తుందని మాత్రం అన్నాడు. 2020 మే 20న వచ్చిన అంఫాన్ తుపానును తలచుకొంటూ చెప్పిన మాట అది.

అమ్మాయి గోపురం దిగింది. “గట్టు చూద్దాం పద, తాతయ్యా” అన్నది.

ఊరి రేవులో దిగేసరికి నీరు ఇంకా నాలుగు మెట్ల మేర మిగిలి ఉన్నది. భారతదేశపు సుందరవన ప్రాంతంలో నూరుకు పైగా లంకలున్నాయి. వాటిలో సగానికి కొంచెం ఎక్కువగా జనావాసాలు. ఆ ప్రాంతంలో నివసించేవారు సుమారు నలుబది అయిదు లక్షలు. వారందరినీ కాపాడేది మూడువేల అయిదువందల కిలోమీటర్ల గట్టు. అందులో ఎక్కువ భాగం మట్టిగట్టే. పెద్దాయన గట్టు మీద నిలిచి ముందు నదివైపు, తరువాత పొలం వైపు చూచారు. నదివైపు వాలు మీద ఆ మధ్యాహ్నపు పోటు తడి గుర్తు ఇంకా ఆరలేదు. పొలంలో కోతలయిపోయి మోళ్ళు నిలిచి ఉన్నాయి. అక్కడ ఒక ముసలమ్మ మేకకు మేత వేస్తున్నది. తడి గుర్తు మట్టం నుండి చూపు సాగిస్తే అది ఆమె నడుము కంటె ఎత్తున ఉన్నది.

ఆయన మనుమరాలికి దాని కారణం వివరించారు. డెల్టాలో భూమి తనంతట తాను లేస్తుంది. ప్రతి పోటుకు నీటితోపాటు ఒండ్రు వచ్చి పేరుకుంటుంది. ఇక్కడ భూమి పూర్తిగా లేవకముందే గట్టు వేసి, అడవి కొట్టి, సేద్యం మొదలుపెట్టారు. ఒండ్రు లోపలికి రావడం ఆగిపోయింది. పొలం పల్లమై అలాగే నిలిచింది. లోపలికి రాలేని ఒండ్రు నదిలోనే పడి నది అడుగు మెరక అయింది. పైగా సముద్రమట్టం పెరుగుతున్నది. “మన ఏటిగట్టుకు సంవత్సరంలో వరద రోజులలోనే పరీక్ష. ఈ గట్టుకు రోజుకు రెండుసార్లు పరీక్ష” అన్నారాయన. వాననీటిని బయటికి పంపే తూమును కూడ చూచారు. ఆటు సమయంలో తెరవాలి, పోటు సమయంలో మూయాలి. ఒక్క పూట మరచినా చేను ఉప్పుపాలు.

2009 మే 25న ‘అయిలా’ తుపానుకు ఈ గట్టు తెగింది. చెరువులలో ఉప్పునీరు నిండి చేపలు తేలాయి. చేలు చౌడుబారి, కొన్ని పంటకాలాల దాకా వరి పండలేదు. చౌడును తట్టుకొనే ‘నోనా బొక్రా’ వంటి పాతకాలపు వంగడాల విత్తనం కోసం రైతులు వెదుక్కున్నారు. నిలువలేనివారు వలసపోయారు. అతని తమ్ముడూ అలాగే పోయినవాడే. ముందు కేరళలో ఇండ్ల పని, గత కొన్నేళ్ళుగా ఏటా ఊరివారితో జట్టుకట్టి వరినాట్లకు పోతున్నాడట. ఎక్కడికి అని అమ్మాయి అడిగితే అతడు ఫోను తీసి తమ్ముడు పంపిన ఫోటో చూపాడు. బారుగా వంగి నాట్లు వేస్తున్న మనుషులు, వెనుక కొబ్బరిచెట్లు, కాలువ మీద లాకు. ఆ ఊరిపేరును అతడు పలికిన తీరు మొదట ఇద్దరికీ అర్థం కాలేదు. “ఒమొలాపురొం” అన్నాడు. రెండవసారి విన్నాక పెద్దాయన పెద్దగా నవ్వారు.

“అమలాపురం! దాళ్వా నాట్లు. అది మా ఊరి ప్రక్కనే, బాబూ.”

పడవ తిరిగి బయలుదేరింది. పొద్దు వాలుతున్నది. నీరు తగ్గి రెండు ఒడ్డుల బురద మళ్ళీ బయటపడింది. మార్గదర్శి ఉదయం నుండి చెప్పేవాడు, ఇప్పుడు అడిగేవాడయ్యాడు. అక్కడ త్రాగునీరు ఎట్లా ఉంటుంది? ఒక చేలో రెండు పంటలు ఎట్లా పండుతాయి? కాలువలోని నీరు నిజంగానే తియ్యగా ఉంటుందా? మీ గట్టు ఎన్నడూ తెగలేదా?

“తెగకేమి” అన్నారు పెద్దాయన. 1986 ఆగస్టు నాటి గోదావరి వరదల సమయంలో ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినవారు. గండ్లు పడిన ఆ రాత్రులలో ఊళ్ళవారితో కలసి ఇసుక బస్తాలు మోసిన సంగతి తెలుగులో చెప్పసాగారు. అమ్మాయి దానిని హిందీలోనికి మార్చింది. మార్గదర్శి బెంగాలీలో పడవవానికి చెప్పాడు. పడవవాడు చుక్కాని వదలకుండ వెనుకకు తిరిగి ఏమో అడిగాడు. ఆ ప్రశ్న మళ్ళీ అదే దారిన రెండు భాషలు దాటి పెద్దాయనను చేరింది. గండి పూడ్చడానికి మీకు ఎన్ని రోజులు పట్టింది, అని.

ఆయన జవాబు చెప్పడం పూర్తికాకముందే గద్‌ఖాలి రేవు దీపాలు కనిపించాయి.