ఆయాసము – కుడి గుండె

అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లని మీరెఱిగినదే. ఆ మెట్లపై పదిమెట్లకొకమాఱు నిలిచి రొప్పువానిని చూచి, “పాత దగ్గు మనిషి, తిత్తులు చెడినవి” అందుము. అది సగము మాటయే కావచ్చును. ఆయాసమునకు ఊపిరితిత్తియు కారణము, గుండెయు కారణము. దేని పాలెంతయో తేల్చుట వైద్యునకును సులభము కాదు.

గుండెలో ఎడమ గది దేహమంతటికి రక్తము పంపును. కుడి గది ఊపిరితిత్తులకు మాత్రమే పంపును. పని తేలిక గనుక దాని గోడ పలుచన. చుట్ట, బీడీల వలననో, కట్టెల పొయ్యి పొగ వలననో తిత్తులు చెడి ప్రాణవాయువు తగ్గినచో అచ్చటి రక్తనాళములు ముడుచుకొనును. క్షయరోగులు నలుదెసల నుండి మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమునకు వచ్చిన సీమ మనది. ఆ జబ్బు మానినను కొందఱి తిత్తులలో మచ్చలు మిగిలి ఇట్లే చేయును. అప్పుడు కుడి గది గతి, జోడెడ్ల కపిలను ఒంటియెద్దునకు కట్టినట్లగును. రక్తము వెనుకకు నిలిచి మెడ నరములుబ్బును, పాదములు వాచును.

సాయంకాలము చీలమండపై వ్రేలితో నొక్కి చూడుడు. గుంట పడి నిలిచినచో “ముసలితనపు వాపు” అని విడువకుడు. మూత్రపిండముల జబ్బు వలనను, కొన్ని రక్తపోటు మాత్రల వలనను వాపు రావచ్చును గాన, పరీక్షయే శరణ్యము.

తిరుపతిలో రుయా ఆసుపత్రి, స్విమ్స్ వంటి చోట్ల ధ్వనితరంగములతో గుండెను చూచు ఎకో పరీక్ష కలదు. ఇందొక చిక్కు. ఆ ధ్వని గాలిని దాటి పోజాలదు. గాలితో ఉబ్బిన తిత్తులు గుండెకు తెరవలె అడ్డపడును. అందుచే నేర్పరి యగువాడు ప్రక్కటెముకల క్రింద, పొట్ట పైభాగమున పరికరమునుంచి చూచును. కుడి గదుల నడిమి కవాటమున వెనుకకు చిమ్ము రక్తపు వేగమును బట్టి ఒత్తిడిని అంచనా కట్టును. అది అంచనాయే, నిక్కము కావలసినచో నరము గుండ సన్నని గొట్టమును గుండెలోనికి పంపి కొలువవలెను.

“గుండె అఱువది శాతము పనిచేయుచున్నదట” అని దిగులుపడువారిని నేనెందఱినో చూచితిని. ఎడమ గది ప్రతి కొట్టుకు తన రక్తములో నూటికి అఱువది పాళ్లు వెలికి పంపుట ఆరోగ్యలక్షణమే. కాని ఆ లెక్క కుడి గదిది కాదు. కాగితము చేతికిచ్చినప్పుడు “కుడి గది సంగతియేమి?” అని తప్పక అడుగుడు.

రక్తములో ప్రాణవాయువు మిక్కిలి తగ్గియున్నట్లు కొలతలో తేలినవారు ఇంటనే దినమునకు పదునైదు గంటలకు తక్కువ గాకుండ దానిని పీల్చినచో ఆయువు పెరుగునని 1980, 1981లలో వెలువడిన పరిశోధనలు చూపినవి. అయితే ఆ గొట్టముతో పొయ్యి దరిని కూర్చుండరాదు. చుట్ట ముట్టింపనే రాదు.