వాకిట సూర్యదీపము



పగటి యెండను దాచి రాత్రి వెలిగెడి దీపములు, వాడుకలో సోలారు లైట్లు, ఇప్పుడు సంతలలో సైతము అమ్ముచున్నారు. గుమ్మలక్ష్మీపురము చుట్టుపట్లనున్న గూడెముల పెద్దలు నన్ను తఱచుగా "మేస్టారూ, ఇది కొనదగినదేనా?" అని యడుగుచుందురు. నేను వ్యాకరణము చెప్పినవాడనే గాని విద్యుచ్ఛాస్త్రము చెప్పినవాడను గాను. ఐనను మా వీథిలో నట్టి దీపము వెలుగుటయు, ఆఱిపోవుటయు కన్నులార చూచినవాడను గనుక నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను.

ముందుగా ఆ దీపము కథ వినుడు. కొన్నియేండ్ల క్రిందట మేమందఱము చందాలు వేసికొని, గెడ్డకు పోవు త్రోవ మలుపున నొక స్తంభము పాతించి సూర్యదీపము పెట్టించితిమి. మొదటి సంవత్సరము పట్టపగలువలె వెలిగెను. రెండవ వేసవికి మొదటి జాముతోనే కునుకసాగెను. మూడవ వర్షాకాలమునకు పూర్తిగా నాఱిపోయెను. అమ్మినవాడు మరల మా ముఖము చూడలేదు. మేమును బ్యాటరీకని యొక్క రూపాయి దాచియుంచలేదు. ఆ పని యెవరిదని యెవరును అడుగనైన లేదు. స్తంభము మేకలను కట్టుటకు పనికివచ్చెను. ఆ ముసురులోనే, ఆ మలుపునందే, ఒక పిల్లవాడు చీకటిలో పామును త్రొక్కెను. సకాలమున ఆసుపత్రికి చేర్చిరి గాన బ్రతికినాడు. నాటినుండి నాకీ దీపముల విషయము వినోదముగా తోచుట మానినది.

మన దేశమున 2000 మొదలు 2019 వఱకు పాముకాటున మరణించినవారు సుమారు 12 లక్షలని పరిశోధకులు లెక్కగట్టి 2020లో ప్రకటించిరి. వారిలో పెక్కుమంది పల్లెవారు. అందు సగము మరణములు జూన్ మొదలు సెప్టెంబరు వఱకు గల నెలలలోనివే. ఇచ్చటనే చిక్కున్నది. దీపముతో మనకెక్కువ పని పడు నెలలు అవియే. సూర్యుడు మబ్బు చాటున దాగు నెలలును అవియే. కాబట్టి వైశాఖపు టెండలో దీపము చూచి మెచ్చి కొనరాదు. శ్రావణమాసపు ముసురులో వెలుగునా యని విచారించి కొనవలయును. నేను కొలువు చేసినప్పుడు మనది విజయనగరము జిల్లా. 2022 నుండి పార్వతీపురము మన్యము జిల్లా యైనది. జిల్లా పేరు మాఱినను ముసురు మాఱలేదు.

ఎండను విద్యుత్తుగా మార్చు సిలికాన్ పలకను అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు 1954లో లోకమునకు చూపిరి. తనపై పడిన వెలుగులో నూటికి 6 పాళ్లను మాత్రమే యది విద్యుత్తుగా మార్చెడిది. నేటి మంచి పలక సుమారు 20 పాళ్లు మార్చుచున్నది. దీనినిబట్టి పల్లెటూరి కొలత యొకటి చెప్పెదను. జానెడు పొడవు, జానెడు వెడల్పు గల పలక నడిమధ్యాహ్నపు గట్టి యెండలో 10 వాట్లకు మించి యీయజాలదు. సంతలో దీపముపై 200 వాట్లని యచ్చువేసియుండును. పలక చూడబోయిన జానెడే యుండును. అట్టిదానిని అమ్మువానికి నమస్కరించి యవతలకు పోవుడు.

10 వాట్ల దీపము సాయంకాలము 6 గంటలు మొదలు తెల్లవాఱుజాము 5 గంటల వఱకు వెలిగిన 110 వాటు-గంటల శక్తి పట్టును. తెఱపి దినమున దానికి మూడు చదరపు జానల పలక చాలవచ్చును. ముసురు దినములకు ఆఱు జానలైనను కావలయును. ఎండ లేక మూడు రాత్రులు గడుపవలసివచ్చిన, బ్యాటరీ 12 వోల్టులది, సుమారు 30 ఆంపియరు-గంటలది యుండవలయును. అంత ఖర్చు పెట్టలేమన్నచో మార్గాంతరము లేకపోలేదు. నడిరాత్రి తరువాత తనంతట తానే మందగించి, మనిషి యలికిడి తగిలినప్పుడు ప్రకాశించు దీపములున్నవి. గెడ్డదారికి అట్టిది చాలును.

పిదప చోటు చూడవలయును. పలక దక్షిణమునకు ముఖమై, నేలకు సుమారు 19 డిగ్రీల వాలుగా నుండవలెను. మన కొండలోయలలో పడమటి కొండ నీడ పెందలకడనే ఊరిపైకి వచ్చును. తూర్పు కొండ ప్రొద్దును ఆలస్యముగా విడుచును. స్తంభము పాతకముందు ఒకరోజు అక్కడ కూర్చుండి యెండ యెన్ని గంటలు నిలిచినదో లెక్కింపుడు. చింతకొమ్మ నీడ పలకలో నొక మూలపై బడినను మొత్తము దిగుబడి చాలవఱకు పడిపోవును. వేసవిలో పోడు కాల్చిన బూడిద వచ్చి పలకపై కూర్చుండును. వెదురుకఱ్ఱకు తడిగుడ్డ కట్టి తుడిచిన చాలును. కాని తుడుచువాడుండవలయును గదా.

ఇంటి చూరువఱకు కరెంటు తీగ వచ్చియున్నవారు వాకిటికై సూర్యదీపము కొననక్కఱలేదని నా యభిప్రాయము. 10 వాట్ల ఎల్.ఇ.డి. దీపము రాత్రియంతయు వెలిగినను నెలకు 3 యూనిట్లకు కొంచెము పైగా కాలును, అంతే. తీగ చేరని కళ్లమునకు, పసులసాలకు, నీటిరేవుకు సూర్యదీపము తగును. ఐతే తీగను పూర్తిగా నమ్ముకొనుటయు తగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉత్తరాంధ్రమున స్తంభములు కూలి పెక్కు గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. అందుచేత ఊరికి నడుమ, అందఱును చేరు చోట, ఒక్కటైనను సూర్యదీపముండుట మేలు.

కురుపాము, కొమరాడ వైపువారు ఏనుగుల నడ్డుకొనుటకు ఈ దీపము పనికివచ్చునా యని యడుగుదురు. ఏనుగు దీపమునకు వెఱచి వెనుదిరుగునని నేను చెప్పజాలను; అది వచ్చినదని ముందుగా కనబడవచ్చును. మఱియొకటి, దీపము గుమ్మమునకు ఎదురుగా పెట్టకుడు. వెలుగునకు పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు పాములు వచ్చును. తెల్లని వెలుగుకంటె పసుపుపచ్చని వెలుగునకు పురుగులు తక్కువ చేరును.

ఇక బ్యాటరీ సంగతి. ఆసిడ్ బ్యాటరీ చౌకయే. దానికి శుద్ధజలము పోయుచుండవలెను, మూడు నాలుగేండ్లకు మార్చవలెను. లిథియం-ఐరన్ రకము వెల యెక్కువ, ఆయువు సుమారు రెండింతలు. ఏది కొన్నను ఎన్ని యేండ్లకు పూచీ యో అమ్మువానిచేత కాగితముపై వ్రాయించుకొనుడు. అంతకంటె ముందు, అది చచ్చిన నాడు డబ్బిచ్చువారెవరో మీరే కూర్చుండి తేల్చుకొనుడు.

మా మలుపున ఇప్పుడు రెండవ దీపమున్నది. ఇరువది యిండ్లవారము నెలకు 10 రూపాయల వంతున వేసి, నాలుగేండ్లకు 9,600 రూపాయలు కూడునట్లు ఒక పుస్తకము పెట్టితిమి. చందా యెగవేసినవారి పేర్లు అందులో ఎఱ్ఱసిరాతో వ్రాయుదుము. ఒక నెల నా పేరును ఎక్కినది. పలక తుడుచు పనియు ఇంటికొక నెల వంతు. ఈ నెల వంతు మా యింటిది. రేపు ఉదయముననే వెదురుకఱ్ఱ పట్టవలయును గాన, సెలవు.