కాలిన కప్పు - కాలని పనితనం

(సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించీ, వైద్య సౌకర్యాల గురించీ నాకన్నా బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను కట్టడాల శాఖలో పనిచేసినవాణ్ణి గనుక ఏదైనా కట్టడం గురించి చెప్పమని కార్యదర్శిగారు కోరారు. పారిస్‌లోని నోట్రడామ్ కెథడ్రల్ అగ్నికి ఆహుతై, అయిదున్నర ఏళ్ళలో మళ్ళీ నిలబడిన వైనం మీకు మనవి చేస్తాను. కెథడ్రల్ అంటే బిషప్పుగారి పీఠం ఉండే పెద్ద చర్చి. మన మెదక్ చర్చి కూడా ఆ కోవలోదే.

నోట్రడామ్ పని 1163లో మొదలైంది. లోపల నిలబడి తల ఎత్తితే కనబడేది రాతి కమానుల కప్పు. దానికి పైన ఓక్ దూలాలతో కట్టిన ఏటవాలు కప్పు, దాని మీద సీసపు రేకులు. ఆ దూలాలు ఎంత దట్టంగా ఉండేవంటే, అక్కడివాళ్ళు ఆ అటకను 'అడవి' అని పిలుచుకునేవారు. నడినెత్తిన కనిపించే ఎత్తయిన శిఖరం మాత్రం అంత పాతది కాదు. వియొలె ల్యుదుక్ అనే వాస్తుశిల్పి దాన్ని 1859లో నిలబెట్టాడు.

2019 ఏప్రిల్ 15, సోమవారం సాయంత్రం అటకలో నిప్పు అంటుకుంది. ప్రమాద ఘంటిక మోగింది. అయితే చూడటానికి వెళ్ళిన కాపలాదారు ఒక అటకకు బదులు మరో అటకకు వెళ్ళాడు. అసలు చోటు తెలిసేసరికి దాదాపు అరగంట గడిచిపోయింది. యంత్రం హెచ్చరించింది గానీ, ఆ హెచ్చరికను సరిగా అర్థం చేసుకునే ఏర్పాటు లేకపోయింది. దర్యాప్తు ఏళ్ళ తరబడి సాగినా ఫలానా కారణం అని తేలలేదు.

రాత్రి 8 గంటలు కాకముందే శిఖరం విరిగి, రాతి కప్పును పొడుచుకుని లోపల పడింది. మంటలు ఉత్తరపు బురుజుకు పాకాయి. గంటలను మోసే కొయ్య చట్రం అందులోనే ఉంది. ఆ గంటలు కూలితే బురుజు కూలుతుంది, దానితో మొత్తం కట్టడానికే ముప్పు. అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలకు తెగించి బురుజు ఎక్కి మంటలను అక్కడే అడ్డగించారు. ఆ రాత్రి ఒక్క ప్రాణం కూడా పోలేదు. రెండు బురుజులు, గోడలు, రాతి కప్పులో ఎక్కువ భాగం, దాదాపు 8,000 గొట్టాలున్న పెద్ద ఆర్గాన్ వాద్యం దక్కాయి.

మర్నాడు దేశాధ్యక్షుడు మాక్రాన్ అయిదేళ్ళలో తిరిగి కడతామని ప్రకటించారు. సాధ్యం కాదని పెదవి విరిచినవారు చాలామందే. వారి అనుమానంలో న్యాయం లేకపోలేదు. శిఖరం మరమ్మతు కోసం అంతకుముందే కట్టిన పరంజా ఇనుప గొట్టాలు మంటల వేడికి వంకరలు పోయి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సుమారు 40,000 ముక్కలు రాతి కప్పు మీద వేలాడుతున్నాయి. అవి జారితే మిగిలింది కూడా పోతుంది. పనివారు తాళ్ళకు వేలాడుతూ ఒక్కొక్క ముక్కే కోసి 2020 నవంబరు నాటికి దించారు. గోడలను బయటినుంచి ఆనుకుని నిలిపే 28 రాతి కమానుల కిందా కొయ్య చట్రాలు బిగించి ఊతమిచ్చారు. కరిగిన సీసం ధూళి అంతటా పరుచుకుంది. అది ఒంటికి విషం గనుక 2019 వేసవిలో పని ఆపి, పనివారి రక్షణకు కట్టుదిట్టాలు చేశాకనే మళ్ళీ సాగించారు.

తరువాత వివాదం వచ్చింది. కాలిన శిఖరం చోట ఈ కాలపు శిఖరం పెడదామని కొందరు అన్నారు. గాజుతో కట్టాలన్న ఊహలు కూడా వచ్చాయి. చివరకు 2020 జూలైలో, ఉన్నది ఉన్నట్టుగానే కట్టాలని నిర్ణయమైంది. అదే ఓకు, అదే సీసం, అదే శిఖరం.

మిత్రులారా, అసలు చిక్కు ఇక్కడే ఉంది. 'ఉన్నట్టుగా' అనడం తేలిక. ఏది ఎలా ఉండేదో ఎవరికి తెలుసు? 800 ఏళ్ళ నాటి దూలాలన్నీ బూడిదైపోయాయి గదా!

తెలిసినవాళ్ళు ఉన్నారు. ఆండ్రూ టాలన్ అనే అమెరికన్ కళాచరిత్ర ఆచార్యుడు అంతకు ఏళ్ళ ముందే లేజర్ యంత్రంతో ఈ చర్చిని లోపలా బయటా కొలిచి, వందకోట్లకు పైగా బిందువులుగా భద్రపరిచాడు. రెమీ ఫ్రొమోన్, సెద్రిక్ త్రాంతెసో అనే ఇద్దరు వాస్తుశిల్పులు 2014లో అటక ఎక్కి, కొయ్య కూర్పు మొత్తాన్ని కొలిచి పటాలు గీశారు. నిప్పు పడుతుందని వీళ్ళెవరూ అనుకోలేదు. చూసినదాన్ని శ్రద్ధగా రాసిపెట్టారు, అంతే. టాలన్‌గారు 2018 నవంబరులో, అగ్నిప్రమాదానికి అయిదు నెలల ముందే కన్నుమూశారు. తన కొలతలు ఎంత అక్కరకు వచ్చాయో ఆయన చూడనే లేదు.

పటాలు ఉంటే సరిపోదు, చేతులు కావాలి. పచ్చి ఓక్ మానును గొడ్డలితో చెక్కి దూలం చేసే విద్య ఫ్రాన్సులో కొద్దిమంది దగ్గరే మిగిలింది. రంపపు మిల్లు మానును తిన్నగా కోస్తుంది. గొడ్డలి పట్టినవాడు చెక్క నార ఎటు పోతే అటు పోనిచ్చి చెక్కుతాడు, అందువల్ల దూలానికి బలం తగ్గదు. బర్గండీ ప్రాంతంలోని గెదెలోన్ అనే చోట 1997 నుంచి, మధ్యయుగపు పద్ధతుల్లోనే ఒక కోట కడుతున్నారు. ఇదేం పిచ్చి అని నవ్వినవాళ్ళూ ఉండే ఉంటారు. అక్కడ చేయి తిరిగిన వడ్రంగులు తీరా అవసరమయ్యేసరికి నోట్రడామ్ పనికి వచ్చారు. దాదాపు 2,000 ఓక్ చెట్లు ఈ పనికి వాడారు.

ఇక మనకు సంబంధించిన మాట. ఈ పనికంతటికీ పెద్దగా నియమితుడైనవాడు మనలాంటి విశ్రాంత ఉద్యోగే. జాన్ లూయీ జొర్జెలాన్ అనే మాజీ సర్వసేనాధిపతి. నియామకం నాటికి ఆయన వయసు 70. గడువు దాటరాదని పట్టుబట్టి పని నడిపించారు. 2023 ఆగస్టులో పర్వతాలలో నడుస్తూ ప్రమాదవశాత్తు మరణించారు. పని ఒక్కరోజు కుంటుపడలేదు. ఆయన పక్కనే ఉండి అన్నీ తెలుసుకున్న ఫిలీప్ జోస్త్ ఆ బాధ్యత అందుకున్నారు.

డబ్బు మాట కూడా చెప్పాలి. 150 దేశాల నుంచి సుమారు 3,40,000 మంది దాతలు 84 కోట్ల యూరోలకు పైగా ఇచ్చారు. ఖర్చును ఆ దేశపు ఆడిట్ కోర్టు తనిఖీ చేసి నివేదికలు ప్రకటించింది. లెక్కల శాఖలో పనిచేసిన మిత్రులు ఇది విని సంతోషిస్తారని నా నమ్మకం.

2023 డిసెంబరు 16న కొత్త శిఖరం కొనమీద బంగారు పూత పూసిన కోడిపుంజును నిలిపారు. దాని కడుపులో ఈ పనిలో పాలుపంచుకున్న దాదాపు 2,000 మంది పేర్లు రాసి పెట్టారు. 2024 డిసెంబరు 7న తలుపులు తెరుచుకున్నాయి. కొత్త అటకలో మంటను పసిగట్టే కెమెరాలు, నీటి తుంపరలు చల్లే గొట్టాలు అమర్చారు.

నేను కోరేది ఒక్కటే. మనం 30, 35 ఏళ్ళు పనిచేసి వచ్చాం. ఏ కాలువ తూముకు పునాది ఎంత లోతుందో, ఏ పాత రిజిస్టరు ఏ బీరువాలో ఉండేదో, ఏ యంత్రం ఏ చప్పుడు చేస్తే ఆపాలో మనలో ఎవరో ఒకరికి తెలుసు. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఒక్కొక్కరు నాలుగు పేజీలు రాసి సంఘ కార్యాలయానికి ఇవ్వండి. చేయి వణికేవారు చెబుతుంటే మనుమలు, మనుమరాళ్ళు రాస్తారు. పనికి వస్తుందా అని సందేహించకండి. టాలన్‌గారికి మాత్రం ఏం తెలుసు? కార్యవర్గం వాటిని ఒక సంపుటంగా కుట్టించి, ఆయా శాఖలకు పంపాలని నా విన్నపం.